అమెరికాలో పల్లెకీ సిటీకీ తేడా ఏంటి అంటే, ముందు మైళ్ళ గురించి మాట్లాడుకోవాలి

ఈ ప్రశ్న అడిగినాయన డాక్టరు, అమెరికాలో రెసిడెన్సీ (డాక్టర్లు హాస్పిటల్లో చేసే స్పెషాలిటీ ట్రైనింగ్) ఆఖరి ఏడాదిలో ఉన్నారు. జే వన్ వేవర్ (ట్రైనింగ్ వీసా మీద వచ్చిన డాక్టరు స్వదేశానికి తిరిగెళ్ళకుండా, డాక్టర్లు చాలని చోట పనిచేస్తే ఇచ్చే మినహాయింపు) కింద రెండు ఆఫర్లు వచ్చాయంట, ఒకటి పెద్ద సిటీ శివార్లో, ఇంకోటి కాన్సాస్ రాష్ట్రం పడమటి వైపు, మూడు వేల మంది కూడా లేని ఒక కౌంటీలో (మన జిల్లా లాంటిది). "డెవలప్డ్ కంట్రీయే కదా, పల్లె అయినా కరెంటు, రోడ్లు, నీళ్ళు అన్నీ ఉంటాయి, ఇంక సిటీకీ పల్లెకీ తేడా ఏముంటుంది, భార్య, మూడేళ్ళ పాప ఉన్నారు, వెళ్ళొచ్చా" అని ప్రశ్న.

నేను 2004 నుంచి 2007 దాకా చికాగోలో రెసిడెన్సీ చేసి, అదే వేవర్ మీద దాదాపు అలాంటి కౌంటీకే వెళ్ళా. మూడేళ్ళు చేస్తే సరిపోయేది, ఆరేళ్ళు ఉండిపోయా. ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నా. రెండు చోట్లా కాపురం చేసినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపికుంటే చదవండి.

మీరన్నది సగం నిజమేనండీ. ఇంట్లో కూర్చుని తలుపేసుకుంటే మీరు చికాగోలో ఉన్నారో కాన్సాస్ పొలాల మధ్య ఉన్నారో తెలీదు, అదే ఫ్రిజ్జు, అదే ఏసీ, అదే వేడినీళ్ళు. కాకపోతే సిటీలో ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఎటు పోతున్నాయో ఆలోచించాల్సిన పని లేదు, అక్కడ ఊరి బయట ఇల్లు తీసుకున్నారనుకోండి, బోరు మీదే, సెప్టిక్ ట్యాంకూ మీదే, పెరట్లో తెల్లగా పందిపిల్లలా పడుకుని ఉండే ప్రొపేన్ (ఇంటికి వాడే గ్యాస్) ట్యాంకూ మీదే. సొంత బోరు నీళ్ళు ఎలా ఉన్నాయో గవర్నమెంటు వచ్చి చూడదు, 1974లో వచ్చిన తాగునీటి చట్టం ఊరి నీళ్ళ సప్లైకే గానీ ఇళ్ళ బోర్లకి వర్తించదు. చుట్టూ ఎరువులేసే పొలాలు కాబట్టి నైట్రేట్ టెస్ట్ మనమే చేయించుకోవాలి, చిన్నపిల్లలున్న ఇల్లయితే తప్పనిసరిగా.

అసలు ఈ సమానత్వం దానంతటది వచ్చింది కాదు, ఇది తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. 1930ల మధ్యలో అమెరికా సిటీల్లో పది ఇళ్ళలో తొమ్మిదింటికి కరెంటు ఉంటే పొలాల్లో ఉన్న ఇళ్ళలో పదింట ఒకదానికే ఉండేది. ప్రైవేటు కంపెనీలు ఏమనేవంటే, సిటీలో మైలు తీగ లాగితే వంద ఇళ్ళు తగులుతాయి, ఇక్కడ మైలుకి రెండో మూడో, మాకేం గిడుతుంది అని. అప్పుడు 1935లో రూజ్వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ కోసం ఒక సంస్థ పెట్టి, 1936లో చట్టం చేసి, రైతులు కోఆపరేటివ్‌గా ఏర్పడితే తక్కువ వడ్డీకి అప్పులిచ్చాడు. ఆ కోఆపరేటివ్‌లు ఇప్పటికీ ఉన్నాయి, నేను అక్కడున్నన్నాళ్ళూ కరెంటు బిల్లు అలాంటి ఒకదానికే కట్టా, ఏడాదికోసారి మీటింగ్ పెట్టి భోజనం కూడా పెట్టేవాళ్ళు! పోస్టు కూడా అంతే, ఇంటి ముందు దాకా ఉత్తరం తెచ్చివ్వడం సిటీలో మామూలైపోయాక కూడా రైతులు ఊళ్ళోకి వెళ్ళి తెచ్చుకునేవాళ్ళు, 1896లో మొదలెట్టాక పల్లెకీ వచ్చింది. అంటే దూరానికయ్యే ఖర్చు అందరూ కలిసి భరించిన చోట పల్లె సిటీతో సమానమైంది. ఎవరూ భరించని చోట, లేదా సగం భరించి వదిలేసిన చోట, ఇప్పటికీ తేడా అలాగే ఉంది, హాస్పిటల్, అంబులెన్స్, కాన్పు, ఇంటర్నెట్, పచారీ కొట్టు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

మీరు పల్లె అనగానే మనసులో ఊహించుకునే బొమ్మ ముందు తుడిచేయండి. ఇళ్ళన్నీ ఒకచోట గుంపుగా ఉండి చుట్టూ పొలాలుండటం అక్కడ లేదు. 1785లో చేసిన చట్టంతో నేలంతా గళ్ళ నోటుబుక్కులా గీసేశారు, ఆరు మైళ్ళకి ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్, దాన్లో 36 గళ్ళు, ఒక్కో గడి 640 ఎకరాలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద అందులో నాలుగో వంతు, 160 ఎకరాలు, ఇస్తాం గానీ అక్కడే ఇల్లు కట్టుకుని ఐదేళ్ళుండాలి అన్నారు. దాంతో ఎవరి పొలంలో వాళ్ళు ఇల్లు కట్టుకున్నారు, పక్కింటి దీపం కనపడాలంటే రాత్రి బయటికొచ్చి చూడాలి. డాలస్ నుంచి డెన్వర్ వెళ్ళేటప్పుడు విమానం కిటికీ సీటు తీసుకుని చూడండి, ఆ గళ్ళూ, వాటి మధ్యలో తిరిగే స్ప్రింక్లర్లు గీసిన పచ్చని గుండ్రాలూ కనపడతాయి. ఆ గుండ్రాలకి నీళ్ళొచ్చేది ఓగలాలా అనే భూగర్భ జలాల నుంచి, అది ఏటికేడాది తగ్గిపోతోంది, అదో పెద్ద కథ.

ఆ 160 ఎకరాలు ఒకప్పుడు ఒక కుటుంబానికి సరిపోయేవి, ట్రాక్టర్లు, కంబైన్లు (కోత మెషిన్లు) పెద్దవయ్యేకొద్దీ సరిపోలేదు. 1935లో దేశం మొత్తం మీద 68 లక్షల దాకా వ్యవసాయ క్షేత్రాలుండేవి, 2022 లెక్కల్లో 19 లక్షలు, సగటున ఒక్కోటి 463 ఎకరాలు, రైతు సగటు వయసు 58 ఏళ్ళు. పొలం తగ్గలేదు, మనుషులే తగ్గారు. మా కౌంటీలాంటి చాలా కౌంటీల్లో 1930 ప్రాంతంలో ఉన్నంత జనం ఇప్పుడు లేరు. రైతు వెళ్ళిపోతే వాడి పిల్లలు బడికి రారు, బడి పక్క ఊరి బడిలో కలిసిపోతుంది, టీచర్లు వెళ్ళిపోతారు, కొట్టు మూతపడుతుంది, చివరికి మిగిలేది ధాన్యం ఎలివేటరు (ధాన్యం కొని నిల్వచేసే పెద్ద గోదాము), చర్చి, పోస్టాఫీసు, ఒక గ్యాస్ స్టేషను, అంటే పెట్రోలు బంకు. ఇది నెమ్మదిగా జరిగే పని కాబట్టి అక్కడున్నవాళ్ళు ఎప్పుడు జరిగిందో కూడా సరిగ్గా చెప్పలేరు, "ఆ షాపు మూసి రెండేళ్ళయిందేమో" అంటారు, వెళ్ళి చూస్తే పదేళ్ళ నాటి క్యాలెండర్ వేలాడుతుంటుంది.

లెక్కలకొస్తే 2020 సెన్సస్‌లో రెండువేల ఇళ్ళు గానీ ఐదువేల జనం గానీ ఉంటే అర్బన్ అన్నారు, అంతకుముందు చాలా కాలం 2,500 జనం అనే గీత ఉండేది. ఎలా చూసినా దేశంలో ఐదుగురిలో ఒకరు రూరల్. కానీ ఆ ఒకరు కూడా రైతే అనుకోకండి, రూరల్ ఉద్యోగాల్లో వ్యవసాయం పదో వంతు కూడా ఉండదు, ఎక్కువమంది బడుల్లో, హాస్పిటళ్ళలో, ఫ్యాక్టరీల్లో, కౌంటీ ఆఫీసుల్లో, జైళ్ళలో పనిచేసేవాళ్ళే.

ఇప్పుడు మన సబ్జెక్టు. మీరు పల్లెకి వెళ్తే చేరబోయేది చాలావరకు క్రిటికల్ యాక్సెస్ హాస్పిటల్ అయ్యుంటుంది. 1997 చట్టంతో వచ్చిన కేటగిరీ ఇది, పడకలు 25కి మించకూడదు, ఇంకో హాస్పిటల్‌కి మామూలు రోడ్డు మీదైతే 35 మైళ్ళ దూరమన్నా ఉండాలి, 24 గంటలూ ఎమర్జెన్సీ తెరిచుండాలి, పేషెంట్లు సగటున 96 గంటలకి మించి ఉండకూడదు, బదులుగా మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసు వాళ్ళకి గవర్నమెంటు ఇచ్చే ఇన్సూరెన్స్) వాళ్ళు ఫిక్స్‌డ్ రేటు కాకుండా అయిన ఖర్చు మీద ఒక శాతం ఎక్కువ కలిపి ఇస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ అది మెడికేర్ పేషెంట్లకే, మిగతావాళ్ళ దగ్గర నష్టం నష్టమే. 2010 తర్వాత దేశంలో వందకి పైగా రూరల్ హాస్పిటళ్ళు మూతపడ్డాయి లేదా అడ్మిషన్లు ఆపేశాయి. కాన్సాస్ మెడికెయిడ్‌ని (పేదవాళ్ళకి గవర్నమెంటు ఇచ్చే ఇన్సూరెన్స్) విస్తరించని రాష్ట్రాల్లో ఒకటి, ఆ దెబ్బ ఇలాంటి హాస్పిటళ్ళకే ముందు తగులుతుంది. అందుకని ఆఫర్ లెటర్ చూసి మురిసిపోకుండా ఆ హాస్పిటల్ లెక్కలు అడగండి, కౌంటీ టాక్స్ నుంచి డబ్బొస్తుందా లేదా అడగండి. బోర్డు మీటింగులు చాలా చోట్ల అందరికీ తెరిచే ఉంటాయి, అడిగితే తప్పు పట్టరు.

చికాగోలో నాకు గుండెనొప్పి పేషెంటొస్తే నా పని ఫోన్ ఎత్తడం, క్యాథ్ ల్యాబ్ (మూసుకుపోయిన గుండె రక్తనాళం తెరిచే చోటు) టీమ్ దిగిపోయేది, తొంభై నిమిషాల్లోపు ఆ నాళంలో బెలూన్ వేయాలని గడియారం చూసుకునేవాళ్ళం. కాన్సాస్‌లో నేను చేరిన రెండో నెలలో రాత్రి రెండింటికి ఒక రైతు వచ్చాడు, ఈసీజీ చూస్తే పెద్ద అటాక్. క్యాథ్ ల్యాబ్ ఉన్నది విచిటా అనే సిటీలో, రోడ్డు మీద మూడు గంటల పైనే. హెలికాప్టర్‌కి ఫోన్ చేస్తే మంచు కురుస్తోంది, ఎగరలేం అన్నారు. రెండు గంటల్లో బెలూన్ అందదని తెలిసినప్పుడు రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలని పుస్తకంలో చదివిందే, రెసిడెన్సీ మూడేళ్ళలో ఒక్కసారి కూడా నా చేత్తో ఇవ్వలేదు! నర్సుకి యాభై ఐదేళ్ళుంటాయి, ఆవిడ నా మొహం చూసి, "డాక్టర్, నేను ఇరవై సార్లు ఇచ్చాను, డోసు చదవండి, కలుపుతాను" అంది. నొప్పి తగ్గింది, ఈసీజీ మెరుగైంది, తెల్లారి అంబులెన్స్‌లో విచిటా పంపించాం. బతికాడు, వేసవిలో పుచ్చకాయలు తెచ్చి క్లినిక్ గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. అన్నీ ఇలా ముగియలేదు, అవి ఇక్కడ రాయను.

ఆ అంబులెన్స్ సంగతి కూడా వినండి. సిటీలో 911 (ఎమర్జెన్సీ ఫోన్ నంబరు) కొడితే జీతం తీసుకునే పారామెడిక్స్ నిమిషాల్లో వస్తారు. అక్కడ నడిపేది ఎలివేటర్‌లో ధాన్యం తూచేవాడు, పక్కన కూర్చునేది బ్యాంకులో టెల్లర్ అమ్మాయి, పేజర్ మోగితే చేస్తున్న పని వదిలేసి పరిగెత్తుతారు. ఫైర్ డిపార్ట్‌మెంటూ అంతే, దేశంలో ఎక్కువ శాతం ఫైర్ డిపార్ట్‌మెంట్లు ఇప్పటికీ వాలంటీర్లవే. వాళ్ళ మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు, కానీ బండి బయల్దేరడానికి పది నిమిషాలు, పొలంలో ఇల్లు దొరకడానికి ఇరవై నిమిషాలు, హాస్పిటల్‌కి ఇంకో ఇరవై, ఈ లెక్కని ఎవరి మంచితనమూ తగ్గించలేదు. రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవాళ్ళలో దాదాపు నలభై శాతం రూరల్ రోడ్ల మీదే పోతున్నారు, ఐదో వంతు జనం ఉన్నచోట! సింగిల్ రోడ్డు మీద 65 మైళ్ళ స్పీడు, ఎదురుగా వచ్చేవాడికీ మనకీ మధ్య ఒక పసుపు గీత, సాయంత్రమైతే అడ్డమొచ్చే జింకలు, సీటు బెల్టు పెట్టుకోని అలవాటు, పైన నేను చెప్పిన అంబులెన్స్ టైము, అన్నీ కలిసి.

కాన్పు గురించి మీ ఆవిడకి తప్పకుండా చెప్పండి. మా హాస్పిటల్లో మెటర్నిటీ నేను చేరకముందే మూసేశారు, ఏడాదికి ముప్పై కాన్పులకి 24 గంటల నర్సుల్నీ, సర్జన్నీ, మత్తు ఇచ్చేవాళ్ళనీ పెట్టుకోలేరు కదా. మా రెండోవాడు 2009 జనవరిలో, డెబ్బై మైళ్ళ అవతల హాస్పిటల్లో పుట్టాడు. మంచు తుఫానొస్తే పెద్ద హైవే అయిన ఇంటర్‌స్టేట్ 70నే గేట్లేసి మూసేస్తారు, అందుకని 39 వారాలు నిండగానే డేటిచ్చి నొప్పులు తెప్పించారు, సిటీలో అయితే అలా తొందరపడేవాళ్ళం కాదు. ఇంటికొచ్చాక మాత్రం పదిహేను రోజులు పొయ్యి వెలిగించలేదు, రోజుకొకరు వంటకం తెచ్చి వాకిట్లో పెట్టేవాళ్ళు. మేం మాంసం తినమని ఎవరు చెప్పారో గానీ ఊరంతా తెలిసిపోయి అన్నీ చీజ్, బంగాళదుంపలే! చికాగోలో మా పెద్దది పుట్టినప్పుడు హాస్పిటల్ పది నిమిషాలు, పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళకి మాత్రం పాప ఏడుపు వినపడేదాకా సంగతే తెలీదు.

అక్కడ అందరికీ అందరూ తెలుసు, దీంట్లో బాగున్నదీ ఉంది, ఊపిరాడనిదీ ఉంది. రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి పికప్పు స్టీరింగ్ మీంచి రెండు వేళ్ళెత్తి పలకరిస్తుంది, మీరు ఎత్తకపోతే కొత్త డాక్టరుకి పొగరు అని సాయంత్రానికి తెలిసిపోతుంది (నిజంగా జరిగింది, మా రిసెప్షనిస్టు చెప్పింది). అదే ఊళ్ళో డిప్రెషన్‌తో ఉన్నవాడు క్లినిక్‌కి రాడు, ఎందుకంటే వాడి ట్రక్కు క్లినిక్ ముందు ఆగితే ఎవరిదో అందరికీ తెలుసు. ఈ ఒక్క ముక్క అర్థం చేసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది, ఆ తర్వాత కొంతమందిని సాయంత్రం ఆరింటి తర్వాత వెనక డోరు నుంచి రమ్మనేవాణ్ణి. జూన్‌లో గోధుమ కోతలప్పుడైతే క్లినిక్ ఖాళీ, టెక్సాస్ నుంచి కంబైన్లేసుకుని కోస్తూ కోస్తూ ఉత్తరానికెళ్ళే ముఠాలు దిగుతాయి, ఊళ్ళో ఎవరికీ జబ్బు చేయదు, కోతలయ్యాక అందరికీ ఒకేసారి చేస్తుంది.

అందరూ తెల్లవాళ్ళే ఉంటారేమో, మనల్ని ఎలా చూస్తారో అని మీ భయం ప్రశ్నలో రాయకపోయినా ఉంటుందని తెలుసు. చిన్న కౌంటీల్లో చాలావరకు తెల్లవాళ్ళే, నిజమే. కానీ మాంసం ప్యాకింగ్ ప్లాంట్లున్న డాడ్జ్ సిటీ, లిబరల్ లాంటి ఊళ్ళలో సగానికి పైగా హిస్పానిక్ (మెక్సికో లాంటి దేశాల మూలాలున్న) జనం, గార్డెన్ సిటీలో వియత్నాం వాళ్ళు, సోమాలియా వాళ్ళు ఏళ్ళ తరబడి ఉన్నారు. మోటల్ ఉన్న ప్రతి ఊళ్ళో ఒక పటేల్ గారు ఉండనే ఉంటారు, మా పప్పు, కారం, నెయ్యి కరువు తీర్చింది ఆయనే. నన్ను మాటతో నొప్పించినవాళ్ళు ఆరేళ్ళలో ఇద్దరో ముగ్గురో, చికాగోలో అంతకంటే ఎక్కువే అనిపించింది. రాజకీయాలు మాత్రం వేరు, అక్కడ దాదాపు అందరూ ఒకే వైపు. సిటీవాళ్ళు మమ్మల్ని లెక్కచేయరని వాళ్ళ కోపం, వ్యోమింగ్‌లో 5.77 లక్షల మందికీ కాలిఫోర్నియాలో 3.95 కోట్ల మందికీ ఇద్దరేసి సెనేటర్లేంటని సిటీవాళ్ళ కోపం. క్లినిక్‌లో నేను ఈ విషయం ఎత్తలేదు, మీరూ ఎత్తకండి.

స్కూలు విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. చిన్న పిల్లలకి అక్కడి బడే మేలు. క్లాసులో పదిహేను మంది, టీచర్ చర్చిలోనూ కొట్లోనూ కనపడుతుంది, పిల్లకి ఒంట్లో బాలేకపోతే ఇంటికే వచ్చేస్తుంది. ఫుట్‌బాల్‌కి పదకొండు మంది దొరక్క ఎనిమిది మందితో ఆడతారు, అందుకని ప్రతి పిల్లాడూ టీమ్‌లో ఉంటాడు, బ్యాండ్‌లో ఉంటాడు, నాటకంలో ఉంటాడు. హైస్కూల్ కొచ్చేసరికి తిరగబడుతుంది, లెక్కల టీచరే ఫిజిక్సూ చెప్పి బాస్కెట్‌బాల్ కోచింగూ ఇస్తాడు, అడ్వాన్స్‌డ్ కోర్సులు రెండో మూడో, అదీ టీవీ తెర మీద. ఫ్రిస్కోలో మా అమ్మాయి హైస్కూల్లో రెండు వేల మంది, లేని కోర్సంటూ లేదు, మూడేళ్ళయినా అక్కడ చదువు సలహాలిచ్చే కౌన్సిలర్‌కి మా అమ్మాయి పేరు తెలీదు. మేం 2013లో వచ్చేసింది కూడా అందుకే, అమ్మాయి మిడిల్ స్కూల్ కి దగ్గరపడుతోందని.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తా. మూడు బెడ్‌రూముల ఇంటికి మేం కట్టిన అద్దె చికాగోలో ఒక బెడ్‌రూమ్‌కి కట్టినదాంట్లో సగం. జీతం సిటీ కంటే ఎక్కువే ఇస్తారు, ఎందుకంటే రారు కాబట్టి. కానీ రెండు కార్లు తప్పనిసరి, మైళ్ళ కొద్దీ పెట్రోలు, ఊళ్ళో ఒకే కొట్టు ఉంటే పాలూ కూరగాయలూ సిటీకంటే ఎక్కువ ధర, అదన్నా ఉంటే అదృష్టం. కాన్సాస్‌లోనే ఎరీ అనే ఊళ్ళో కొట్టు మూతపడే పరిస్థితి వస్తే సిటీ గవర్నమెంటే కొని నడిపింది, అంత గతి. డాలర్ జనరల్ లాంటి చవక సరుకుల షాపులు వచ్చాయి గానీ వాటిల్లో తాజా కూరలు చాలా చోట్ల ఉండవు. ఇంటర్నెట్ మా రోజుల్లో ఘోరం, ఇప్పుడు కొన్నిచోట్ల ఆ కరెంటు కోఆపరేటివ్‌లూ ఫోన్ కోఆపరేటివ్‌లే ఫైబర్ వేస్తున్నాయి, లేనిచోట స్టార్‌లింక్ (శాటిలైట్ ఇంటర్నెట్) ఉంది, మీ ఆవిడ ఇంటి నుంచి పనిచేసేటట్టయితే ఆ ఇంటి అడ్రస్‌కే ఏది వస్తుందో కనుక్కోండి, కౌంటీకి ఉంది అంటే నమ్మకండి.

సిటీ గురించి కూడా ఒక మాట, అక్కడ అన్నీ దగ్గరే కాబట్టి అందరికీ అందుతాయనుకోకండి. రెసిడెన్సీలో నేను చూసిన పేషెంట్లలో మా హాస్పిటల్‌కి ఆరు బ్లాకుల దూరంలో ఉండి, ఇన్సూరెన్స్ లేక షుగర్ మందు మానేసి కాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. పడమటి కాన్సాస్ రైతుకి నేను మైళ్ళ దూరం, ఆ చికాగో పేషెంటుకి ఆరు బ్లాకులు, ఇద్దరూ నా దగ్గరికి ఆలస్యంగానే వచ్చారు.

ఇక మీరేం చేయాలి. వేవర్ ఎలాగూ మూడేళ్ళు, వారానికి 40 గంటలు, డాక్టర్లు చాలని ప్రాంతంలో, రాష్ట్రానికి ఏడాదికి ముప్పై సీట్లే, ఇదంతా మీకు తెలుసు. (1994లో నార్త్ డకోటా సెనేటర్ కెంట్ కాన్రాడ్ ఈ స్కీమ్ తెచ్చిందే వాళ్ళ పల్లెలకి డాక్టర్లు రావట్లేదని.) నాకైతే ఆ మూడు వేల కౌంటీయే తీసుకోండి అనిపిస్తోంది, పాపకి మూడేళ్ళే కాబట్టి, మీరు డాక్టర్‌గా అక్కడ నేర్చుకునేది సిటీ శివార్లో నేర్చుకోరు కాబట్టి. రెండో బిడ్డ ఆలోచన వెంటనే ఉన్నా, ఇంట్లో ఎవరికన్నా పెద్ద జబ్బున్నా, మీ ఆవిడకి డ్రైవింగ్ అంటే భయమున్నా వద్దు. హాస్పిటల్ వాళ్ళు అక్టోబర్‌లో పిలిచి చెట్లూ ఆకాశం చూపిస్తారు, మీరు ఫిబ్రవరిలో వస్తాం అనండి, మీ ఆవిణ్ణీ పాపనీ తీసుకునే వెళ్ళండి. రాత్రిళ్ళు ఎమర్జెన్సీ ఎవరు చూస్తారు, నెలకి ఎన్ని కాల్స్ (పిలిస్తే వెళ్ళాల్సిన డ్యూటీలు), మీరు సెలవు పెడితే బదులు ఎవరు, హెలికాప్టర్ ఏ ఊరి నుంచి వస్తుంది, ఇవి కాంట్రాక్టులో రాయించుకోండి లేదా కనీసం ఈమెయిల్లో తెప్పించుకోండి. నాకు కాల్ రోజుల గురించి నోటిమాటగా చెప్పింది ఒకటి, చేరాక చేయాల్సొచ్చింది ఇంకోటి.

వెళ్ళాక చలికాలంలో కారు పెట్రోలు ట్యాంకు ఎప్పుడూ సగానికి తగ్గనివ్వకండి. డిక్కీలో రెండు దుప్పట్లు, ఒక పార, నీళ్ళు, పాపకి బిస్కెట్లు. కారు మంచులో ఇరుక్కుంటే దిగి నడవకండి, లోపలే కూర్చోండి, పొగ గొట్టానికి మంచు అడ్డంపడకుండా చూసుకుంటూ ఉండండి, ఎవరో ఒకరు పికప్పు వేసుకుని వస్తారు.